వినడం నేర్చుకుందాం, పలకడం సాధించుకుందాం



2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస దగ్గర తీరం దాటింది. మీలో చిన్నవాళ్లకు ఆ రాత్రి గుర్తుండకపోవచ్చు. నాకప్పుడు పదహారేళ్లు. వజ్రపుకొత్తూరు మండలంలోని మా ఇంటి రేకులు గాలికి లేచిపోయాయి. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడివున్నాయి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. మా నాన్న కూలిపనికి విశాఖ వెళ్లి ఉన్నాడు. మేం బతికే ఉన్నామన్న ఒక్క మాట ఆయనకు చేర్చే దారి లేకపోయింది. నాలుగో రోజున ఆయన పలాస నుంచి పడిన చెట్లు దాటుకుంటూ నడిచి వచ్చాడు. మమ్మల్ని చూసి, ఏమీ మాట్లాడకుండా గుమ్మంలోనే కూలబడిపోయాడు.

తుపాను వస్తోందన్న హెచ్చరిక మాకు ముందే అందింది. మా మాటే ఎవరికీ అందలేదు. అప్పటినుంచీ నా మనసులో ఉన్న ప్రశ్న ఒక్కటే. మన ఊళ్లు ఎప్పుడూ వినడమేనా, పలకడం ఎప్పుడు?

దానికి ఉన్న జవాబుల్లో ఒకటి హామ్ రేడియో. టవరు అక్కర్లేకుండా, బ్యాటరీ మీద నడిచే సెట్టుతో ఒక మనిషి మరో మనిషితో నేరుగా మాట్లాడే విద్య ఇది. 1999 ఒడిశా పెనుతుపానులో హామ్‌లు సందేశాలు చేరవేశారు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు భారతి ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో హామ్ స్టేషన్ నడుపుతూ ఉంది. ఆ స్టేషనే అండమాన్‌లో చిక్కుకున్నవారి క్షేమ సమాచారాన్ని వారి కుటుంబాలకు చేర్చింది. మన హైదరాబాదులోనే 1983 నుంచి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. మరి మన ఉద్దానంలో ఈ విద్య పేరు విన్నవాళ్లు ఎందరు?

"అది డబ్బున్నవాళ్ల సరదా" అంటారు. ఒకప్పుడు ఆ మాటలో నిజముంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ రేడియో వచ్చి నేర్చుకునే ఖర్చును బాగా తగ్గించింది. కంప్యూటర్‌లో టీవీ చూసేందుకు తయారైన చిన్న యూఎస్‌బీ డాంగిల్‌ను రేడియోగా వాడుకోవచ్చని 2012లో ఔత్సాహికులు లోకానికి చూపించారు. నేడు రకాన్ని బట్టి కొన్ని వేల రూపాయల్లో దొరుకుతోంది. సాఫ్ట్‌వేర్ ఉచితం.

అది పనిచేసే తీరు మన తీరంవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. పాత రేడియో గాలం లాంటిది, ఒకసారికి ఒకే చేప. సాఫ్ట్‌వేర్ రేడియో పెద్దవల లాంటిది. రెండు మెగాహెర్ట్జ్‌ల మేర ఉన్న తరంగాలన్నిటినీ ఒక్కసారే లాగి, సెకనుకు ఇరవై లక్షలకు పైగా అంకెలుగా మార్చి కంప్యూటర్ ముందు కుమ్మరిస్తుంది. ఏది కావాలో ఒడ్డున కూర్చుని ఏరుకునే పని సాఫ్ట్‌వేర్‌ది. కాయిలూ కండెన్సర్లూ చేసే పనిలో చాలా భాగం ఇక్కడ లెక్కలే చేస్తాయి. క్లాసులో సైన్ తరంగం ఎందుకు చదువుతున్నామో నాకు ఆ తెర మీద తెలిసింది.

నా మొదటి ప్రయత్నం మాత్రం నవ్వులపాలైంది. స్నేహితుడి పాత లాప్‌టాప్‌కు డాంగిల్ తగిలించి రెండు సాయంత్రాలు గరగర తప్ప ఏమీ వినలేదు. మా అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు వలిచి వచ్చి, "ఈ గరగర ఇంటే ఉద్యోగం వొస్తాదేటిరా?" అంది. మూడో రోజు కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. గరగర ఒక్కసారిగా తగ్గి గొంతులు తేలాయి! అంతసేపూ అల్లరి చేసింది ఇంట్లోని ఎల్ఈడీ బల్బూ ఛార్జరూ అన్నమాట.

మీరు మొదట ఎఫ్ఎం స్టేషన్లు పట్టండి, చెయ్యి అలవాటవుతుంది. తర్వాత అరమీటరు రాగి తీగలు రెండు తీసుకుని, వీ ఆకారంలో ఏంటెనా కట్టి మేడ మీద పెట్టండి. 145.8 మెగాహెర్ట్జ్ దగ్గర అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం హామ్ ప్రసారం చేసేటప్పుడు అది మన మీదుగా వెళ్తే వినొచ్చు. వాతావరణ ఉపగ్రహాల బొమ్మలు 137 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో దొరుకుతాయి. పాత పాఠాల్లో చెప్పే అమెరికా నోవా ఉపగ్రహాలు 2025లో ఆగిపోయాయి, రష్యా మెటియోర్ ఉపగ్రహాల కోసం చూడండి. భావనపాడు ఒడ్డున కూర్చుంటే 162 మెగాహెర్ట్జ్ దగ్గర ఓడలు తమ పేరూ స్థానమూ చెప్పే సంకేతాలకు ప్రయత్నించవచ్చు. పోలీసుల మాటలు, పరాయివాళ్ల మాటలు వినాలని మాత్రం చూడకండి. అది తగదు, చట్టమూ ఒప్పదు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. ఈ డాంగిల్ వింటుంది, పలకదు. తిత్లీ నాడు నా దగ్గర ఇది ఉన్నా నాన్నకు కబురు వెళ్లేది కాదు. పలకాలంటే కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ పరీక్ష రాసి లైసెన్సు పొందాలి. పన్నెండేళ్లు నిండితే చాలు, అంటే మన హాస్టల్లో ఏడో తరగతి చెల్లి కూడా అర్హురాలే. కొంత రేడియో సిద్ధాంతం, కొన్ని నిబంధనలు చదవాలి. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కూడా అక్కర్లేదు.

పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, నిజమే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చుని చెమటలు పట్టడమంటే ఏమిటో నాకు తెలుసు. అందుకే అంటున్నాను, ఒక్కరుగా వద్దు, నలుగురుగా చదవండి. సెలవుల్లో వచ్చి చెప్పడానికి నేను సిద్ధం.

మన వార్డెన్ గారికీ, పెద్దలకూ నా మనవి ఒకటే. పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలోని ప్రతి హాస్టల్‌కూ ఒక డాంగిల్, ఒక ఏంటెనా, వాటికో పాత కంప్యూటర్ ఇప్పించండి. ప్రతి హాస్టల్ నుంచి ఇద్దరు విద్యార్థులు లైసెన్సు పరీక్షకు వెళ్లాలి. వాళ్లు నెగ్గిన తర్వాత బ్యాటరీతో నడిచే సెట్టు ఒకటి అడుగుదాం. తుపానులు అక్టోబరు వచ్చేదాకా ఆగి మనల్ని అడిగి రావు.

ఇక అమ్మ ప్రశ్నకు జవాబు. ఉద్యోగం వస్తుందో రాదో చెప్పలేను. కానీ ఈసారి గాలివాన వస్తే, ఊళ్లో అందరూ బాగున్నారన్న మాట మన గొంతుతోనే బయటికి వెళ్లాలి. ఏ నాన్నా నాలుగు రోజులు చెట్లు దాటుకుంటూ నడిచి వచ్చి తెలుసుకోవలసిన మాట కాకూడదది.

– మీ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం)