బియ్యం బస్తా నేర్పిన లెక్క

2023 జులై 20. బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని భారత ప్రభుత్వం నిషేధించిందన్న వార్త వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలుపెట్టిన కొన్ని గంటలకే ఇక్కడ ఇల్లినాయిస్ రాష్ట్రంలోని మా అరోరాలో ఇండియన్ స్టోర్ల ముందు కార్లు బారులు తీరాయి. ఆ వారాంతం నేను వెళ్లేసరికి సోనా మసూరి అరలు ఖాళీ. ఇంకో స్టోర్‌లో కుటుంబానికి ఒక్క బస్తాయే అన్నారు. ధర దాదాపు రెట్టింపు. అయినా నాలుగు చోట్ల తిరిగి ఐదు బస్తాలు పోగేశాను. మరుసటి వేసవికి వాటిలో రెండింటికి పురుగు పట్టింది.

నవ్వు తెప్పించే సంగతేమిటంటే, నా ఉద్యోగమే కంపెనీలు సరుకు ఎవరి దగ్గర కొనాలో తేల్చే సాఫ్ట్‌వేర్ రాయడం. దానికి వాడే పద్ధతుల్ని 'బహుళ ప్రమాణాల నిర్ణయ విధానాలు' అంటారు. ధర, నాణ్యత, గడువుకు సరుకు అందడం, కష్టకాలంలో ఆ సరఫరాదారు నిలబడగలగడం ఇలా ఒక్కో ప్రమాణానికి ఇంత ప్రాధాన్యమని ముందే రాసుకుని, ఆపైన ఎవరికి ఎన్ని మార్కులో వేస్తాం. 1966లోనే డిక్సన్ అనే పరిశోధకుడు కొనుగోలు అధికారుల్ని అడిగి 23 ప్రమాణాల జాబితా తయారుచేశాడు. అందులో నాణ్యతది మొదటి స్థానం, ధరది ఆరో స్థానం. 1970లలో థామస్ సాటీ ప్రమాణాల్ని జంటలుగా పోల్చి, 1 నుంచి 9 దాకా అంకెలతో ప్రాధాన్యం తేల్చే పద్ధతి ఇచ్చాడు. నేటికీ కంపెనీల్లో వాడుతున్నారు.

ఆ బస్తాలు గరాజ్‌లో పేర్చాక ఆలస్యంగా బుద్ధి వచ్చి, మా ఇంటికీ అదే లెక్క వేశాను. ముందున్న దారులు మూడు: పెరిగిన ధరకు సోనా మసూరి, నిషేధం వర్తించని బాస్మతి, కాలిఫోర్నియాలో పండే బియ్యం. పదికి మార్కులు ఇలా వేశాను. సోనా మసూరికి రుచిలో 9, ధరలో 4, సరఫరా భరోసాలో 3. బాస్మతికి 6, 6, 7. కాలిఫోర్నియా బియ్యానికి 4, 8, 9.

రుచికి 60, ధరకు 30, భరోసాకు 10 శాతం ప్రాధాన్యమిస్తే సోనా మసూరికి 6.9, బాస్మతికి 6.1, కాలిఫోర్నియాకు 5.7 వచ్చాయి. రుచిని 40కి తగ్గించి భరోసాను 30కి పెంచగానే వరుస తలకిందులైంది. కాలిఫోర్నియాకు 6.7, బాస్మతికి 6.3, సోనా మసూరికి 5.7. మార్కులు ఒక్కటీ మారలేదు. మారింది ప్రాధాన్యాలే. అంటే జవాబు చెప్పింది లెక్క కాదు, ఆ ప్రాధాన్యాలు నిర్ణయించిన నేను.

ఆ పట్టిక చూసి మా అమ్మ అడిగింది: "అన్నం తినేది నేను, మార్కులు వేసేది నువ్వా?" ఈ విధానాలపై నేను విన్న విమర్శల్లో దీన్ని మించింది లేదు. అతుక్కుపోయే అన్నం ఆమెకు సహించదు. ధరలో వచ్చిన ఎనిమిది మార్కులు ఆ లోటును కాగితం మీద పూడ్చాయి గానీ కంచంలో పూడ్చలేవు. అందుకే కూడిక మొదలుపెట్టే ముందే కనీస గీతలు గీసుకోవాలి. రుచిలో ఐదు రాకపోతే పక్కన పెట్టేద్దామనుకున్నాం. కాలిఫోర్నియా బియ్యం జాబితాలోంచి పోయింది. భరోసాకు పెద్దపీట వేసిన ఆ రెండో లెక్కలో మిగిలినవాటిలో బాస్మతి గెలిచింది.

కొన్ని గీతలు చట్టమే గీస్తుంది. ఆ రోజుల్లో చాలామంది ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రులతో సూట్‌కేసులో బియ్యం తెప్పిద్దామనుకున్నారు. ఖాప్రా పురుగు భయంతో అమెరికా 2011 నుంచే భారత్ సహా ఆ పురుగున్న దేశాల బియ్యాన్ని ప్రయాణికుల సామాన్లలో రానివ్వడం లేదు. అలాంటి దారికి ధరలో పదికి పది వచ్చినా విలువ సున్నాయే.

ఢిల్లీలో కూర్చున్నవాళ్లదీ ఇలాంటి పట్టికే. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో దాదాపు 40 శాతం భారత్‌దే. అయినా దేశంలో చిల్లర ధర ఏడాదిలో 11.5 శాతం పెరగడంతో స్వదేశీ వినియోగదారుకే ఎక్కువ బరువు వేశారు. రైతుకు దక్కే ఎగుమతి ధర, మన కంచంలోని అన్నం ఆ లెక్కలో వెనక్కి జరిగాయి. 2024 సెప్టెంబర్ 28న టన్నుకు 490 డాలర్ల కనీస ధరతో నిషేధం ఎత్తేశారు. అక్టోబర్‌లో ఆ షరతూ తీసేశారు. అంతటితో నిశ్చింత అనుకుంటే, 2025 ఆగస్టు 27న భారత సరుకులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. మొదటిసారి తలుపు అక్కడ మూసుకుంది, రెండోసారి ఇక్కడ బరువైంది. రెండు దెబ్బలూ పడింది ఒకే దారి నమ్ముకున్నవాళ్ల మీదే.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. ఉగాదికి ఐదువందల మందికి వండించే సంఘాలు, మన రెస్టారెంట్లు, గుడి వంటశాలలు చాలావరకు ఎవరు తక్కువ ధర చెబితే వాళ్ల దగ్గరే కొంటాయి. ఏ పట్టికా వేయలేదంటే ప్రాధాన్యాలు లేవని కాదు, ధరకే నూటికి నూరు వేశామని అర్థం. ఆ మాట ఎవరూ పైకి అనరు కాబట్టి దాని మీద చర్చే జరగదు.

అందుకే వచ్చే సమావేశంలో కొటేషన్లు తెరవక ముందే ఒక కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. దేనికి ఎంత బరువు? ఏది తగ్గితే అసలొద్దు? ఈ బరువులు వేసేటప్పుడు తినేవాళ్లని అడిగామా? కొటేషన్లు చూశాక రాస్తే మనసుకు నచ్చినవాళ్లకు తగ్గట్టే అంకెలు వచ్చిపడతాయి.

మా ఇంట్లో ఇప్పుడు ఒక బస్తా సోనా మసూరి, ఒకటి బాస్మతి ఉంటాయి. మూడోది కొనం. బరువులు మాత్రం అమ్మే వేసింది.