రాముడు కాదు, రాడార్ ఆపింది

పాల్వంచ దాటితే భద్రాచలం దాకా రోడ్డు లారీలదే. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర, గోదావరి ఇసుక, మధ్యలో పశువులు. ఈ దారిలో కిరాయి కారు నడిపే నాకు ఎదురొచ్చే లారీ అంటే భయం లేదు, నా కారులోని ఆటోమేటిక్ బ్రేకు అంటేనే భయం.

మొన్న ఒక మలుపులో కర్ర లోడు లారీ తన వరసలో అది వస్తోంది. నా కారు మాత్రం అది ఎదురుగానే ఉందనుకుని, బీప్ మంటూనే గట్టిగా బ్రేకు వేసుకుంది. వెనకున్న ఆటో అతను రోడ్డు దిగి తప్పించుకున్నాడు. తిట్టిన తిట్లు నేనే పడ్డాను. దర్శనానికొచ్చిన పెద్దావిడ ‘రాముడే ఆపాడు నాయనా’ అని దండం పెట్టింది. ఆపింది రాడార్ అని ఆమెకేం చెప్పను?

ఆ బ్రేకుకు కన్ను రాడారే. దాని చూపు నేరుగా పోతుంది, రోడ్డేమో వంపు తిరుగుతుంది. అందుకే పక్క వరస లారీ, మూలమీది బోర్డు కూడా దానికి అడ్డంగా కనిపిస్తాయి. మలుపుల్లో ఇలా జరగొచ్చని, పశువులను గుర్తించకపోవచ్చని కారుతో ఇచ్చే పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. సర్వీసుకు తీసుకెళ్తే ‘ఎర్రర్ ఏం లేదన్నా’ అంటారు.

బ్రేకు వద్దని నేననను. రాత్రిపూట లైటు లేని ట్రాక్టర్ ట్రక్కు ముందు అది ప్రాణం కాపాడుతుంది. కానీ ఉత్తుత్తిగా ఆపితే డ్రైవర్ విసిగి దాన్ని ఆఫ్ చేస్తాడు. మా స్టాండులో చేస్తున్నారు కూడా.

అమెరికాలో 2022 ఫిబ్రవరిలో ఇలాంటివే 354 ఫిర్యాదులు రాగానే 4.16 లక్షల టెస్లా కార్ల మీద ప్రభుత్వం విచారణ పెట్టింది. ఇక్కడ 2025 మార్చిలో కేంద్రం పెద్ద లారీలకూ, బస్సులకూ ఈ బ్రేకు తప్పనిసరి చేస్తూ ముసాయిదా ఇచ్చింది. కర్ర లోడు లారీ ఊరకే ఆగితే దుంగలు క్యాబిన్ మీదకు జరుగుతాయి. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో నిలబడ్డ ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడతారు. అందుకే తగలకుండా ఆపిందా అన్నదొక్కటే కాదు, ఆపకూడని చోట ఎన్నిసార్లు ఆపిందో కూడా లెక్కగట్టాలి. ఆ పరీక్ష చింతూరు, మారేడుమిల్లి ఘాట్ల మీద పెట్టాలి. ఫలితం జనానికి చెప్పాలి.

డ్రైవర్ అన్నలూ, 2021 నుంచి మనకూ రీకాల్ నిబంధన ఉంది. కారు ఊరికే ఆగితే తేదీ, చోటు రాసిపెట్టుకుని వాహన్ రీకాల్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.