నిద్ర గుణం కాదు, సాక్ష్యం

నిద్ర విషయంలో మనం చెప్పినన్ని తీర్పులు మరే శరీరధర్మం విషయంలోనూ చెప్పం. ఎక్కువ నిద్రపోతే కుంభకర్ణుడంటాం, నిద్ర మానుకుంటే లక్ష్మణస్వామితో పోలుస్తాం. వనవాసం పద్నాలుగేళ్ళూ లక్ష్మణుడు మేలుకొని ఉండగా అతని వంతు నిద్ర కూడా ఊర్మిళే పోయిందని మన ఆడవారి పాటలు చెబుతాయి. కథగా అది అపురూపమైనది, నాకూ ఇష్టమే. కాని మనసు అదుపులో ఉంటే నిద్ర కూడా అదుపులో ఉంటుందని వీటినుంచి మనం లాగిన నీతి ఉన్నదే, అది ఆసుపత్రి గుమ్మం దాటి లోపలికి వస్తే ప్రాణాలమీదికి తెస్తుంది. స్వయంప్రతిరక్షక మెదడువాపు అనే జబ్బును ఉదాహరణగా తీసుకుని ఈ మాట నిరూపించదలచాను.

చిక్కు పేరు దగ్గరే మొదలవుతుంది. మెదడువాపు అనగానే తెలుగువారికి దోమలు, పందులు, జ్వరంతో సొమ్మసిల్లిన పసిపిల్లలు గుర్తుకువస్తారు. అది జపనీస్ ఎన్సెఫలైటిస్, వైరస్ వలన వచ్చేది. నేను చెబుతున్న జబ్బుకు దోమతో పనిలేదు. ఇది ఒకరినుంచి మరొకరికి అంటదు. జ్వరం ఉండవచ్చు, లేకపోవచ్చు. క్రిములను ఎదుర్కొనవలసిన ప్రతిరక్షకాలు దారితప్పి సొంత నాడీకణాల మీది ప్రోటీన్లనే పట్టుకుంటాయి. వీటిలో అందరికన్నా బాగా తెలిసినది ఎన్‌ఎండీఏ గ్రాహకానికి వ్యతిరేకంగా పుట్టే ప్రతిరక్షకం తెచ్చే జబ్బు. జోసెప్ దల్మావ్, ఆయన సహచరులు 2007లో దాన్ని వెల్లడించారు. ఎక్కువగా యువతులకు వస్తుంది. కొందరిలో అండాశయంలోని టెరటోమా అనే కణితి దీనికి మూలం. నడవడి మారుతుంది, అనుమానాలూ భయాలూ పుడతాయి, లేని మాటలు వినిపిస్తాయి. తరువాత మూర్ఛలు వస్తాయి, మూతీ చేతులూ వాటంతటవే కదులుతాయి. చాలామందికి ఈ గొడవ తొలిరోజుల్లోనే నిద్ర దూరమవుతుంది.

అప్పుడు ఇంట్లో ఏమంటారు? "ఆలోచనలు ఎక్కువైనాయి." "ఆ ఫోను పక్కన పెడితే నిద్ర అదే వస్తుంది." "పెళ్ళి చేస్తే సర్దుకుంటుంది." ఇంకొంచెం ముదిరితే గాలి సోకిందని తాయెత్తు కడతారు. ఇది పల్లెల అజ్ఞానమని నగరవాసులు నవ్వుకోనక్కరలేదు. 2009లో న్యూయార్కు పాత్రికేయురాలు సుసానా కహలన్‌కు ఇదే జబ్బు వచ్చినప్పుడు మద్యమూ పని ఒత్తిడీ కారణమని ఒక వైద్యుడు తేల్చినట్లు 2012లో వెలువడిన తన పుస్తకంలో ఆమె వ్రాసుకున్నారు. ఇక్కడ గాలి, అక్కడ ఒత్తిడి. రెండుచోట్లా మెదడు సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

మన భాషలో నిద్రకు ఎన్ని మాటలున్నాయో చూడండి. కునుకు, మగత, కలతనిద్ర, కోడినిద్ర, మొద్దునిద్ర, కలవరింత, ఉలికిపాటు, గురక. చదువురాని ముసలమ్మ కూడా ఈ తేడాలు తెలిసే వాడుతుంది. కేసుషీటులోకి వచ్చేసరికి ఇవన్నీ కలిసి "నిద్ర సరిగా లేదు" అన్న ఒక్క ముక్కగా మారిపోతాయి, అదీ వ్రాస్తే. పోయేది భాషాసౌందర్యం మాత్రమే అయితే నేనింత గొడవ చేయను. ఈ మాటలలో ఒక్కొక్కటీ ఒక్కో జబ్బుకు ఆనవాలు కావచ్చు.

కలవరింతనే తీసుకోండి. కలలు వచ్చే దశలో శరీరం కదలకుండా మెదడే కండరాలను సడలించి కట్టిపడేస్తుంది. ఆ కట్టు తెగితే మనిషి కలలో చేసేదాన్ని మంచం మీద చేస్తాడు: అరుస్తాడు, తంతాడు, పక్కనున్న భార్యను కొడతాడు. నడివయసు దాటినవాడికి ఇది కొత్తగా మొదలై, జ్ఞాపకశక్తి వారాల్లో తగ్గిపోయి, ముఖమూ చేయీ ఒక్క క్షణం బిగుసుకుపోతూ, రక్తంలో సోడియం పడిపోతే ఎల్‌జీఐ-1 ప్రతిరక్షకాన్ని అనుమానించాలి. చికిత్సకు బాగా లొంగే జబ్బు అది. వయసు మీద పడిందిలే అని ఊరుకుంటే చేతులారా పోగొట్టుకున్నట్లే.

మగత మరొకటి. మా-2 అనే ప్రతిరక్షకం ఉన్నప్పుడు హైపోథాలమస్ దెబ్బతిని, మెలకువను నిలిపే హైపోక్రెటిన్ తగ్గిపోవచ్చు. పట్టపగలు మనిషి ఆపుకోలేని నిద్రలోకి జారిపోతాడు. యువకులలో దీని వెనుక తరచుగా వృషణంలో కణితి ఉంటుంది. సోమరి అని తిట్టినంత తేలికగా వృషణాల స్కానింగు చేయించమని ఎవరు చెబుతున్నారు?

కునుకే పట్టకపోవడం ఇంకొకటి. ఫ్రెంచి వైద్యుడు మోర్వాన్ 1890లో వర్ణించిన జబ్బులో నిద్ర వారాలు, నెలల తరబడి దాదాపు మాయమవుతుంది. చెమటలు కారిపోతాయి, కండరాలు చర్మం కింద అదురుతుంటాయి, మేలుకొని ఉండగానే కలలు ఆడినట్లు చేతులు ఆడతాయి. నేడు ఇందులో ఎక్కువగా కనిపించేది కాస్పర్-2 ప్రతిరక్షకం. మందు మానిన తాగుబోతుకు వచ్చే సంధి కూడా ఇలాగే ఉంటుంది కనుక ఈ రోగి తాగుడు ముద్ర వేయించుకునే ప్రమాదం ఎక్కువ.

చివరిది గురక. 2014లో బయటపడిన ఇగ్లాన్-5 జబ్బులో రోగి నిద్రలోనే అన్నం తింటున్నట్లు, ఏదో పని చేస్తున్నట్లు చేతులు ఆడిస్తాడు. ఊపిరి తీసేటప్పుడు గొంతు మూసుకుపోయి కీచుమని శబ్దం వస్తుంది. నిద్రలోనే హఠాత్తుగా ప్రాణం పోయినవారున్నారు. గురకపెట్టేవాణ్ణి చూసి నవ్వడం మన హాస్యకథల పాత అలవాటు.

నిద్ర చెడితే మెదడును చూడాలన్న సంగతి కొత్తదా అంటే కాదు. 1917లో వియన్నాలో కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకనామో ఒక వింత మెదడువాపును వర్ణించాడు. కొందరు రోగులు ఆగకుండా నిద్రపోయారు, కొందరికి నిద్రే రాలేదు. చనిపోయినవారి మెదళ్ళు పరిశీలిస్తే మొదటివారిలో హైపోథాలమస్ వెనుకభాగం, రెండవవారిలో ముందుభాగం దెబ్బతిని ఉన్నాయి. నిద్రకూ మెలకువకూ మెదడులో చోట్లున్నాయని లోకానికి చెప్పినది మెదడువాపే. వందేళ్ళు దాటినా ఆ పాఠం మన పడకపక్కకు రాలేదు.

ఎందుకు రాలేదంటే పట్టికల వలన కూడా అంటాను. 2016లో నిపుణులు లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో ఈ జబ్బులను గుర్తించే సూత్రాలు ప్రకటించారు. ప్రతిరక్షక పరీక్ష ఫలితం కోసం కూర్చోకుండా చికిత్స మొదలుపెట్టాలన్నది వారి ఉద్దేశం. అది గొప్పదే. ఎన్‌ఎండీఏ రకానికి ఆరు లక్షణాల జాబితా ఇచ్చారు: నడవడి లేక ఆలోచన చెడటం, మాట చెడటం, మూర్ఛలు, కదలికల తేడా, స్పృహ తగ్గడం, రక్తపోటు, గుండెవేగం, ఊపిరి వంటివి అదుపు తప్పడం. వీటిలో నాలుగుంటే అనుమానం బలపడుతుంది. నిద్ర ఆ ఆరింటిలో లేదు. నాలుగేళ్ళకు, 2020లో, అదే పత్రికలో ఈ జబ్బులలోని నిద్రావైకల్యాల మీదనే ఒక పెద్ద సమీక్ష వచ్చింది, 2016 నాటి రచయితలు కొందరు అందులోనూ ఉన్నారు. తెలిసినవారికే తెలుసు. వార్డులో కుర్రడాక్టరు చేతిలో ఉండేది మాత్రం జాబితా. జాబితాలో లేని ప్రశ్నను అర్ధరాత్రి డ్యూటీలో ఎవరు అడుగుతారు?

"నిద్ర పట్టనివారందరికీ వెన్నులో నీరు తీయమంటావా?" అని అడుగుతారని తెలుసు. అననే అనను. నిద్రలేమి ఇంటింటా ఉంది, ఈ జబ్బు అరుదు. నేను చూడమన్నది నిద్రతో వచ్చే జట్టును. నిన్నమొన్నటివరకు బాగున్న మనిషికి రోజుల్లో, వారాల్లో నిద్ర తారుమారై, దానితోపాటు జ్ఞాపకం, నడవడి, మాట, కదలిక, మూర్ఛ వీటిలో ఏదైనా చెడితే అది నిద్రమాత్ర వ్రాసి పంపే కేసు కాదు. అప్పుడు వెన్నునీరు తీయాలి. ఎన్‌ఎండీఏ ప్రతిరక్షకం రక్తంలో దొరకకపోయినా వెన్నునీటిలో దొరకవచ్చు. నీరు తీస్తే నడుము పడిపోతుందని చుట్టాలు భయపెడతారు. ఆ భయాన్ని కూర్చోబెట్టి పోగొట్టవలసింది వైద్యులే.

నిద్రమాత్ర అన్నాను కనుక ఒక మాట. ఊపిరి అడ్డుపడే రోగికి మత్తు ఇస్తే ఆ ఊపిరి ఇంకా కుంటుపడవచ్చు. ఎన్‌ఎండీఏ రోగులు కొందరు ఉన్మాదానికి ఇచ్చే మందులు తట్టుకోలేక బిగుసుకుపోతారు. ఇవి ఎన్నడూ వాడరాదని కాదు. సాక్ష్యం నమోదు చేయకముందే సాక్షి నోరు నొక్కవద్దని నా మొర.

జబ్బు తగ్గాక రెండో అన్యాయం మొదలవుతుంది. 577 మంది ఎన్‌ఎండీఏ రోగులను గమనించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో, రెండేళ్ళు పూర్తయినవారిలో సుమారు ఐదుగురికి నలుగురు తమ పనులు తాము చేసుకోగలిగారు. చికిత్స త్వరగా మొదలైనవారికి ఫలితం మెరుగు. అయితే ఆ కోలుకునే నెలల్లో చాలామందికి తొలినాటి నిద్రలేమి పోయి అతినిద్ర వస్తుంది. మూర్ఛలు ఆగాయి, మాట వచ్చింది, ఇంకేం, కాలేజీకి వెళ్ళమంటారు. పది గంటలకు లేవని పిల్లను "జబ్బు సాకు దొరికింది" అంటారు. ఆ నిద్ర ఇంకా మానని మెదడుది.

నేను అడిగేవి ఖరీదైనవి కావు. మెదడువాపు అనుమానమున్న ప్రతి రోగి విషయంలో పక్కన పడుకునే మనిషిని పిలిచి రాత్రి ఏం జరుగుతోందో తెలుగు మాటల్లోనే చెప్పనివ్వండి, చెప్పినట్లే వ్రాయండి. నిద్రలో కదలికలుంటే, ఊపిరి శబ్దం మారితే ఇంటివారిని ఫోనులో వీడియో తీయమనండి. వసతి ఉన్నచోట ఒక రాత్రి వీడియోతో కూడిన నిద్రపరీక్ష చేయించండి. ఇంటికి పంపే కాగితంలో మందుల కింద, అతినిద్ర కొన్ని నెలలు ఉండవచ్చునని ఒక వాక్యం చేర్చండి. బడికీ ఆఫీసుకూ చూపించుకోవడానికి ఆ వాక్యం చాలా ఇళ్ళలో మందంత అవసరం.

కాదనేవారు, ముఖ్యంగా వైద్యమిత్రులు, నాతో తగవు పెట్టుకోవచ్చు. ఒక్క షరతు. ముందు మీ చేతిలో ఉన్న చివరి కేసుషీటు తీసి, అందులో నిద్ర గురించి ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టి రండి.