నలభై ఏళ్ల చట్టం, తీరని నొప్పి

మాదకద్రవ్యాల నిరోధక చట్టం 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. ఆ నలభై ఏళ్లను బేరీజు వేయడానికి పాతపట్నం తగిన చోటు. మహేంద్రతనయ ఒడ్డున, పర్లాకిమిడిని ఆనుకుని ఉన్న ఈ సరిహద్దు పట్టణానికి గంజాయి అంటే ఒడిశా కొండల నుంచి దొంగతనంగా దిగే సరుకు, చెక్‌పోస్టులో సోదాలు, చేరవేత కూలికి ఆశపడి జైలుపాలైన కుర్రాళ్లు. నిఘా పెరిగింది, సరుకు పట్టుబడుతోంది. అందుకు పోలీసులను మెచ్చుకోవాల్సిందే.

అయితే ఈ మొక్క కథ నేరంతో మొదలు కాలేదు. ఆయుర్వేదం ‘విజయ’ పేరుతో దాన్ని ఏనాడో వాడుకుంది. కలకత్తా వైద్య కళాశాల ఆచార్యుడు ఓషానెసీ దాని సారాన్ని కీళ్లవాత రోగులకు ఇచ్చి చూసి, 1839లో ఆ ఫలితాలు ప్రకటించాకే పాశ్చాత్య వైద్యం దానివైపు చూసింది. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం హెరాయిన్‌తో పాటు అతి కఠినమైన జాబితాలో చేర్చిన గంజాయిని, 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కమిషన్ 27–25 ఓట్లతో అందులోంచి తప్పించినప్పుడు భారత్ అనుకూలంగానే ఓటేసింది. మన చట్టం సైతం వైద్య, శాస్త్ర అవసరాలకు మొదటి నుంచీ మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపును వాడుకున్నది మాత్రం బహు తక్కువ.

మరి కీళ్లవాతానికి గంజాయి పనికొస్తుందా? బ్రిటన్‌లో 58 మంది రోగులపై ఐదు వారాలు జరిపి 2006లో ఫలితాలు ప్రచురించిన పరీక్షలో గంజాయి సారంతో చేసిన స్ప్రే నొప్పిని కొంత తగ్గించింది, నిద్ర పట్టించింది. పొద్దుటి బిగుతును సడలించలేకపోయింది. కీలు అరిగిపోకుండా ఆపుతుందన్న రుజువు లేదు. ఆ పని చేసేది వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ వంటి మందులు, అవీ తొలినాళ్లలోనే మొదలుపెడితే. గంజాయి నూనె అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

పాతపట్నం ఉన్నది, కారణం ఇంకా తేలని కిడ్నీ జబ్బుతో ఉద్దానం ప్రాంతం కుములుతున్న జిల్లాలోనే. పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రి వచ్చినందుకు గర్వపడుతున్నాం. అదే జిల్లాలో కీళ్లు వాచిన ఆడవాళ్లు కిడ్నీలకు చేటని తెలియక దుకాణంలో నొప్పి బిళ్లలు కొని మింగుతుంటే ఆ గర్వం నిలిచేదెలా?

గంజాయి మందులపై మన దేశంలో, మన రోగులపై నిక్కచ్చి పరీక్షలు జరగాలి. అవి తేలేలోగా పాతపట్నం సర్కారు ఆసుపత్రిలో నెలకోసారైనా కీళ్లవాత నిపుణుణ్ణి కూర్చోబెట్టండి, మెథోట్రెక్సేట్ ఉచితంగా ఇవ్వండి, రక్తపరీక్షలు అక్కడే చేయండి. వీటికి ఏ చట్టాన్నీ మార్చనక్కర్లేదు.