చక్కెర పలుకులో రెండు బంధాలు

పరీక్షల కోసం బంధాల పేర్లు వల్లించే మన పిల్లలకు ఆ పాఠం వంటింట్లోనే కనిపిస్తుంది. ఉయ్యూరు కె.సి.పి. కర్మాగారంలో చెరకు రసం చిక్కబడి చక్కెర పలుకులవుతుంది. ఒక్కొక్క చక్కెర అణువులో 12 కార్బన్, 22 హైడ్రోజన్, 11 ఆక్సిజన్ పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకొని గట్టిగా కూడి ఉంటాయి. ఇది సమయోజనీయ బంధం. అణువుకూ అణువుకూ నడుమ ఉన్నది అంతకంటే బలహీనమైన హైడ్రోజన్ బంధం.

షర్బత్‌లో నీటి అణువులు ఈ రెండవ బంధాన్నే విడదీస్తాయి. అణువు చెక్కుచెదరదు గనుక తీపి నిలుస్తుంది. నీరు ఆవిరైతే పలుకులు తిరిగి ఏర్పడతాయి. మూకుడులో మాడితే మొదటి బంధమే తెగుతుంది. మిగిలిన నల్లని బొగ్గు మరల చక్కెర కాజాలదు.

తల్లులారా, షర్బత్ కలిపేటప్పుడు పిల్లలను పిలిచి ఈ భేదం చూపండి.