నయం కాకున్నా నొప్పి తగ్గించవచ్చు
మలిదశ రోగులకు ఇంటి వద్దే ఉపశమన సేవలు అవసరం

లాలాగూడ: "ఇక చేయగలిగిందేమీ లేదు, ఇంటికి తీసుకువెళ్లండి." ముదిరిన క్యాన్సర్ రోగుల బంధువులు తరచుగా వినే మాట ఇది. ఇందులో సగమే నిజం. రోగాన్ని నయం చేసే మార్గం మూసుకుపోయి ఉండవచ్చు. నొప్పి, ఆయాసం, వాంతులు, పడక పుండ్లు, భయం వంటి వాటికి మాత్రం చివరి గడియ వరకూ చికిత్స ఉంది. దానినే పాలియేటివ్ కేర్ లేదా ఉపశమన వైద్యం అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 5.68 కోట్ల మందికి ఇది అవసరం కాగా, అందుతున్నది సుమారు 14 శాతం మందికే.

లాలాగూడ పరిసరాల్లో ఆసుపత్రులకు కొదవ లేదు. దక్షిణ మధ్య రైల్వే కేంద్రీయ ఆసుపత్రి ఇక్కడే ఉంది. తార్నాకలో ఆర్టీసీ ఆసుపత్రి ఉంది. రైల్వే, ఆర్టీసీ, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్నవారు ఎందరో ఈ చుట్టుపక్కలే ఉంటున్నారు. పిల్లలు దూరాన స్థిరపడిన ఇళ్లలో మంచాన పడిన భర్తకు వృద్ధురాలైన భార్యే నర్సు. ఉపశమన వైద్యానికి పేరొందిన కేంద్రాలు మాత్రం నగరానికి మరోవైపున ఉన్నాయి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. 2011లో బంజారాహిల్స్‌లో మొదలైన స్పర్శ్ హాస్పిస్ తరువాత ఖాజాగూడకు మారి ఉచిత సేవలందిస్తోంది. కదలలేని రోగికి అంతదూరం ప్రయాణమే నరకయాతన.

మార్ఫిన్‌పై అపోహలు

క్యాన్సర్ నొప్పికి దశలవారీగా మందులివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే సూచించింది. స్వల్ప నొప్పికి పారాసిటమాల్ వంటివి, తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ వాడాలి. సాధారణ మార్ఫిన్ మాత్ర ప్రభావం దాదాపు నాలుగు గంటలే. అందువల్ల నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేళ ప్రకారం ఇవ్వాలి. దీనివల్ల మలబద్ధకం కలుగుతుంది కనుక దానికీ మందు తోడు కావాలి. వ్యసనమవుతుందని, ప్రాణం తీస్తుందని బంధువులు భయపడుతుంటారు. వైద్యుల పర్యవేక్షణలో తగిన మోతాదు వాడితే ఆ భయం అనవసరం.

చట్టం కూడా చాలాకాలం అడ్డుగా నిలిచింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనుమతులు పొందలేక అనేక ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ చేయడమే మానుకున్నాయి. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు నిబంధనలు సరళం చేసింది. అయినా రోగి ఇంటికి మందు చేరాలంటే రాసే వైద్యుడు, చూసే నర్సు ఉండాలి.

గడప వద్దకే నర్సు

కేరళలోని కోజికోడ్‌లో 1993లో మొదలైన సేవాయత్నం ఊరూరా విస్తరించింది. 2008లో అక్కడి ప్రభుత్వం ఉపశమన వైద్య విధానాన్ని ప్రకటించి స్థానిక సంస్థలను భాగస్వాములను చేసింది. తెలంగాణలోనూ 'ఆలన' పేరిట నర్సులు వాహనంలో ఇళ్లకు వెళ్లే ఏర్పాటు జరిగింది. ఆ విధానం నగర బస్తీలకూ కావాలి. 2018 నుంచి హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు ఉన్నాయి. వాటి పరిధిలోని మలిదశ రోగుల జాబితా తయారుచేసి, వారానికోసారి శిక్షణ పొందిన నర్సును పంపవచ్చు. రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, ఎండిన నోటిని తడపడం, పుండ్లు శుభ్రం చేయడం ఇంటివారికి నేర్పితే సగం బాధ తగ్గుతుంది. రైల్వే, ఆర్టీసీ ఆసుపత్రులు తమ పింఛనుదారులకు ఇదే సేవ అందించవచ్చు.

గౌరవప్రదమైన మరణం జీవించే హక్కులో భాగమని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కోలుకోలేని రోగి కృత్రిమ శ్వాస వద్దనే వీలు కల్పించింది. 2023లో ఆ ప్రక్రియను సులభతరం చేసింది. అయితే యంత్రం వద్దనుకొని ఇంటికి చేరిన రోగికి రాత్రివేళ నొప్పి తగ్గించే మాత్ర అందకపోతే ఆ హక్కు కాగితానికే పరిమితమవుతుంది. ఇంటికి పంపించే ప్రతి ఆసుపత్రీ, రేపటి నుంచి రోగిని ఎవరు చూస్తారో కూడా చీటీలో రాసి పంపాలి.