మునిగిన ఏలేశ్వరము

కృష్ణాజలముల నడుమ ద్వీపమై నిలిచిన ఏలేశ్వరగట్టునకు శివరాత్రినాడు పడవలపై నేగు యాత్రికులలో, ఆ నీటి క్రింద ప్రాచీనమైన యూరొకటి గలదని యెరిగినవా రెందరు? పూర్వపు దేవరకొండ తాలూకాకు జెందిన ఏలేశ్వరము శ్రీశైలమునకు ఉపద్వారము. ఆవలి యొడ్డున ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురి విలసిల్లెను. అచ్చట బోధిసిరి యను ఉపాసిక వేయించిన శాసనము, సింహళ భిక్షువుల ధర్మప్రచారమును గొనియాడుచు కాశ్మీర గాంధారములతోపాటు చీనాను గూడ పేర్కొనినది. మన యేటియొడ్డు నాడు లోకమునకు దూరము గాదు!

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. ఊరు మునుగకముందు అబ్దుల్ వహీద్ ఖాన్ గారు జరిపిన త్రవ్వకములలో రాతిసమాధుల కాలము మొదలుకొని వేల యేండ్ల బ్రతుకుజాడలు బయల్పడెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ మిర్యాలగూడెము పొలములను దడిపెను. మెట్టనున్న దేవరకొండ సీమకో, నీటిని యంత్రములతో నెత్తిపోయవలసివచ్చెను.

ఆనకట్టను మేము తప్పుపట్టము; అన్నము పెట్టినది గదా! కాని యూరినిచ్చినవారిని మరచుట కృతఘ్నత. నాగార్జునకొండకు ద్వీపముపైననే ప్రదర్శనశాల గలదు. ఏలేశ్వరమునకు దేవరకొండలో నొక గదియైన నుండవలదా? ప్రభుత్వము దానిని గట్టువరకు మన గ్రంథాలయములును, ఉపాధ్యాయులును ఈ చరిత్రను బాలురకు బోధింప బూనుకొందురుగాక!